ఊరి పాలన ఎన్నిసార్లు మారింది, ఎవరిని అడిగి మారింది



మీలో అరవై దాటినవాళ్ళకు సమితి ప్రెసిడెంటు అన్న మాట ఇంకా గుర్తుండే ఉంటుంది. సమితి ఆఫీసు, బీడీవో జీపు, తాలూకా కచేరీ, ఊళ్ళో మునసబు కరణాలు, తెలంగాణలో అయితే పటేల్ పట్వారీలు. నలభై లోపువాళ్ళకు మండలం తప్ప మరొకటి తెలియదు. ఇప్పుడు కాలేజీలో చదివే పిల్లల్లో చాలామందికి జిల్లా పేరు చిన్నప్పుడొకటి, ఇప్పుడొకటి. అదే ఊరు, అదే చెరువు, అవే ఇళ్ళు. పైనున్న పాలన మాత్రం ఒక మనిషి జీవితకాలంలోనే మూడు నాలుగు రూపాలు మార్చుకుంది. ఈ మార్పులు ఎవరు పరిశీలించి చెబితే వచ్చాయి, ఎవరిని అడిగి చేశారు, అందులో ఊరికి దక్కిందేమిటి అన్నది ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం సామాజికాభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. పల్లెలను బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక అధికారిని వేసి, ఆయన కింద గ్రామసేవకులను నియమించింది. నాలుగైదేళ్ళు గడిచేసరికి జీపులు తిరుగుతున్నాయి, రిజిస్టర్లు నిండుతున్నాయి, జనం మాత్రం దూరంగా నిలబడి చూస్తున్నారు. ఎందుకిలా జరుగుతోందో తేల్చమని 1957 జనవరిలో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన ఒక కమిటీని వేశారు. ఆ నవంబరుకే నివేదిక చేతికొచ్చింది. అభివృద్ధి పనిని జనం ఎన్నుకున్న సంస్థకు అప్పగించాలి, ఆ పనికి కావలసిన డబ్బునీ సిబ్బందినీ కూడా దానికే ఇవ్వాలి, అప్పుడు గానీ జనం ముందుకు రారు అన్నది దాని సారాంశం. ఊళ్ళో గ్రామ పంచాయతీ, బ్లాకులో పంచాయతీ సమితి, జిల్లాలో జిల్లా పరిషత్తు అన్న మూడంచెల పద్ధతి ఆ నివేదికలోదే.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. రాష్ట్రంలో అప్పుడు ఇరవై జిల్లాలు. చట్టం చేసేముందు 1958లో జిల్లాకొక సమితి చొప్పున ఏర్పాటు చేసి, పద్ధతి నడుస్తుందో లేదో చూసుకున్నారు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ఆ అక్టోబరులో నెహ్రూ రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించి, ఆ తర్వాత మన షాద్‌నగర్‌కు వచ్చారు. ముందు విచారణ, తర్వాత ప్రయోగం, ఆ తర్వాత చట్టం. ఇంత ఓపికైన వరుస ఆ తర్వాతి సంస్కరణల్లో నాకు మళ్ళీ కనిపించలేదు.

ఆ సమితులకు చేతి నిండా పని ఉండేది. ప్రాథమిక పాఠశాలలు వాటివే, టీచర్ల పోస్టింగులూ బదిలీలూ అక్కడే తేలేవి. హైస్కూళ్ళు జిల్లా పరిషత్తు చూసుకునేది. రోడ్లు, మంచినీటి బావులు, చిన్న చెరువులు అన్నీ వాటి లెక్కలోనే ఉండేవి. ఈ రోజుకూ మీ ఊరి బడి బోర్డు మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనో రాసి ఉంటుంది. బోర్డు మీద పేరు అలాగే ఉంది. హెడ్మాస్టరు జవాబు చెప్పుకునేది మాత్రం విద్యాశాఖకు. స్థానిక పాలన చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు పుస్తకాలు వెతకనక్కర్లేదు, ఆ బోర్డు చూస్తే చాలు.

సమితి పద్ధతిలో లోపాలు లేవని అనను. ఊళ్ళో సర్పంచులను ఎన్నుకుంటే, సర్పంచులు కలిసి సమితి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. సమితి అధ్యక్షులు కలిసి జిల్లా పరిషత్తు ఛైర్మన్ను ఎన్నుకునేవారు. ఊళ్ళో భూమీ పలుకుబడీ ఉన్న కుటుంబాల చేతుల్లోనే పై పదవులు తిరిగేవి. ఆడవాళ్ళకూ, వెనకబడిన కులాలకూ చోటు పేరుకే. దానికి తోడు ఎన్నికలు వాయిదా పడడం మొదలైంది. 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాక మళ్ళీ 1981 దాకా జరగలేదు. రాష్ట్రంలో జలగం వెంగళరావు అధ్యక్షతన ఒక కమిటీ, తర్వాత నరసింహం కమిటీ ఈ వ్యవస్థను పరిశీలించాయి. ఢిల్లీలో 1977 డిసెంబరులో అశోక్ మెహతా కమిటీని వేశారు. అది 1978 ఆగస్టులో 132 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. మూడంచెలు వద్దు, రెండు చాలు, జిల్లా పరిషత్తు కింద పదిహేను ఇరవై వేల జనాభాకు ఒక మండల పంచాయతీ ఉండాలి అంది. మండలం అన్న మాట మన పాలనలోకి వచ్చింది ఆ దారినే.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ మాటను తీసుకుంది గానీ తనదైన పద్ధతిలో తీసుకుంది. 1984లో మునసబు, కరణం, పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాలూ ఫిర్కాలూ పోయి రెవెన్యూ మండలాలు వచ్చాయి. 1986లో మండల ప్రజా పరిషత్తుల చట్టం వచ్చింది. మూడు వందల పైచిలుకు సమితుల చోట 1,104 మండలాలు ఏర్పడ్డాయి. తాలూకా కేంద్రానికి వెళ్ళి ఒక సంతకం పెట్టించుకోవాలంటే పొద్దున్నే బయల్దేరి రాత్రికి గానీ ఇల్లు చేరని మనిషికి, ఆఫీసు పక్క ఊళ్ళోకి వచ్చింది. ఒక తరం పల్లె జీవితంలో ఇంత పెద్ద పాలనా మార్పు మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. 1987లో మండలాధ్యక్షులనూ జిల్లా పరిషత్తు అధ్యక్షులనూ జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. వెనకబడిన తరగతులకు 20 శాతం, మహిళలకు 9 శాతం పదవులు కేటాయించారు. ఈనాటి లెక్కలో తొమ్మిది శాతం చిన్నదే. అప్పటికి అదే పెద్ద అడుగు.

ఆ నేరు ఎన్నిక ఎక్కువ కాలం నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెబితే సంస్కరణ ఎంత చిక్కుముడో తెలుస్తుంది. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇవ్వాలని తెచ్చిన బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 73వ సవరణ నెగ్గి, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మధ్యనున్న అంచెలోనూ జిల్లా స్థాయిలోనూ అధ్యక్షులను సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని ఆ సవరణ చెప్పింది. దాంతో 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టంలో మండలాధ్యక్షుడి నేరు ఎన్నిక పోయింది. ఎంపీటీసీలను బస్సుల్లో ఎక్కించి ఎక్కడో హోటళ్ళలో ఉంచి, ఓటింగు రోజు తీసుకొచ్చే క్యాంపు రాజకీయాలు అప్పటి నుంచి మనకు అలవాటైపోయాయి. దేశమంతటికీ మేలు చేసిన సవరణే ఈ ఒక్క విషయంలో మనల్ని వెనక్కి నడిపించిందని నా అభిప్రాయం.

మేలు చిన్నది కాదు. ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరిగి తీరాలి. వాటిని రాష్ట్ర ఎన్నికల సంఘం నడపాలి. మూడో వంతు స్థానాలు మహిళలవి. డబ్బు పంపకం చూడడానికి ఐదేళ్ళకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013 ఎన్నికల నుంచి మహిళల వాటా సగానికి పెరిగింది. సర్పంచి కుర్చీలో కూర్చుని, ట్రాక్టరు డ్రైవరు నుంచి ఎంపీడీవో దాకా అందరితో పని చేయించుకునే ఆడవాళ్ళను ఈ రోజు ఏ మండలంలోనైనా చూడొచ్చు. సవరణ లేకపోతే ఈ దృశ్యం లేదు.

అయితే రాజ్యాంగం ఎన్నికలను తప్పనిసరి చేసి, అధికారాల పంపకాన్ని శాసనసభల ఇష్టానికి వదిలింది. పదకొండో షెడ్యూలులో వ్యవసాయం, చిన్ననీటి వనరులు, తాగునీరు, ప్రాథమిక విద్య, ఆరోగ్యం అంటూ 29 అంశాలున్నాయి. వాటిలో ఏవి, ఎంత మేరకు, ఎప్పుడు పంచాయతీలకు ఇవ్వాలో రాష్ట్రమే తేల్చుకోవాలి. మన దగ్గర ఇది కొడుకూ కోడళ్ళ చేత వేరు కాపురం పెట్టించి, బియ్యం గది తాళం అత్తగారు తన కొంగునే ముడేసుకున్నట్టు అయింది. చెక్కు మీద సర్పంచి సంతకం ఉంటుంది, ట్రెజరీలో ఆ చెక్కు కదలదు. సొంతంగా వసూలు చేసిన ఇంటిపన్ను ఖర్చు పెట్టుకోవడానికి కూడా పైవాళ్ళ దయ కోసం చూడాల్సిన పరిస్థితిని సర్పంచులు ఎన్నేళ్ళుగానో చెబుతూనే ఉన్నారు.

తప్పనిసరి అన్న ఎన్నికల సంగతైనా సక్రమంగా ఉందా? తేదీలు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీల గడువు 2011లో ముగిస్తే ఎన్నికలు 2013లో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిస్తే 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఈ మధ్యలో, 2020లో, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్సుతో తగ్గిస్తే హైకోర్టు దాన్ని కొట్టివేయాల్సి వచ్చింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 1న గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది. రిజర్వేషన్ల లెక్క తేలలేదు, వార్డుల విభజన కాలేదు, కోర్టులో కేసుంది. కారణాల్లో నిజం ఉండవచ్చు. వెనకబడిన తరగతుల రిజర్వేషన్లకు ప్రత్యేక కమిషన్ వేసి, వివరాలు సేకరించి, మొత్తం 50 శాతం దాటకుండా చూడాలని సుప్రీంకోర్టు 2021లో గట్టిగా చెప్పింది కూడా. గడువు ఎప్పుడు ముగుస్తుందో ఐదేళ్ళ ముందే తెలిసినప్పుడు ఆ కసరత్తు ముందే ఎందుకు పూర్తి కాదన్నదే నా ప్రశ్న.

ఈ ఖాళీ కాలంలో ఊళ్ళో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ప్రత్యేకాధికారి వస్తారు. ఆయనకు అసలు ఉద్యోగం వేరే ఉంటుంది, పైగా మూడు నాలుగు పంచాయతీలు. వీధి దీపం పోయినా, మోటారు కాలినా ఎవరి గుమ్మం తొక్కాలో జనానికి అర్థం కాదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది. చిన్న పంచాయతీలకు ఆ గ్రాంటే ఊపిరి. ఎన్నిక ఆలస్యం చేసేది రాష్ట్రం, గ్రాంటు పోగొట్టుకునేది ఊరు.

ఆర్థిక సంఘం అంటే ఒక మాట చెప్పాలి. వై.వి. రెడ్డి గారి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 దాకా పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయల పైచిలుకు గ్రాంటు సిఫార్సు చేసింది. అంతకు ముందెన్నడూ అంత సొమ్ము రాలేదు. ఆ డబ్బంతా గ్రామ పంచాయతీలకే వెళ్ళాలని కూడా చెప్పింది. ఊరికి నేరుగా అందాలన్న ఉద్దేశం మంచిదే. దాని వల్ల మండల పరిషత్తులూ జిల్లా పరిషత్తులూ మాత్రం పని లేని కుర్చీలుగా మిగిలాయి. ఆ ఐదేళ్ళలో ఎంపీటీసీగా చేసినవాళ్ళను కదిపి చూడండి, ఊళ్ళో తాము చేయించిన పని చూపించడానికి వెతుక్కుంటారు. 15వ ఆర్థిక సంఘం మళ్ళీ మూడంచెలకూ వాటా ఇచ్చింది. ఒక అంచె అవసరమా కాదా అని ఎవరూ విచారించలేదు, డబ్బు పంచే పద్ధతే దాని ప్రాణం తీసి, మళ్ళీ పోసింది.

ఇక సరిహద్దు గీతల సంగతి. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2018 చట్టంతో తెలంగాణలో ఐదు వందల జనాభా ఉన్న తండాలూ గూడేలూ పంచాయతీలై, నాలుగు వేల పైచిలుకు కొత్త పంచాయతీలు వచ్చాయి. మా తండాలో మా రాజ్యం అని లంబాడాలు ఏళ్ళ తరబడి అడిగిన కోరిక అది. పెద్ద ఊరి సర్పంచి చేతి కింద తండాకు ఒక నీటి ట్యాంకు రావాలన్నా కష్టమైన రోజుల్ని చూసినవాళ్ళకు ఆ మార్పు విలువ తెలుసు. ఐదు వందల జనాభా ఉన్న పంచాయతీకి ఇంటిపన్ను ఎంత వస్తుంది, కార్యదర్శి జీతం, ట్రాక్టరు కిస్తీ, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి అన్న లెక్క మాత్రం దానితో పాటు చేయలేదు.

గీతలు మార్చడానికి చట్టంలో ఒక పద్ధతి ఉంది. ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలకు ముప్ఫై రోజులు గడువిస్తారు, వాటిని పరిశీలించి తుది నోటిఫికేషన్ ఇస్తారు. ఇది ఉత్త తంతు అనుకోకండి. తెలంగాణలో 2016 ఆగస్టు ముసాయిదాలో 17 కొత్త జిల్లాలే ఉన్నాయి. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్ అందులో లేవు. జనం బందులు చేశారు, వినతిపత్రాలిచ్చారు, పట్టుబట్టారు, తుది జాబితాలో ఆ నాలుగూ చేరాయి. అమరావతి ప్రాంతంలో 2022 సెప్టెంబరులో 22 గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేస్తామని ప్రభుత్వం గ్రామసభలు పెడితే, ఆ ఊళ్ళు వరసగా వద్దని తీర్మానించాయి. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. పంచాయతీని పట్టణంలో కలిపితే ఉపాధి హామీ పని పోతుందని, పన్ను పెరుగుతుందని ఊరివాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

గట్టిగా అరవలేని చోట ఏమవుతుందో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, ఎటపాక మండలాలను చూస్తే తెలుస్తుంది. 2014 దాకా అవి ఖమ్మం జిల్లా. పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, జిల్లా కేంద్రం కాకినాడ అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెట్టారు, జిల్లా కేంద్రం పాడేరు అయింది. చింతూరు నుంచి పాడేరు వెళ్ళాలంటే దాదాపు రెండు వందల కిలోమీటర్లు, అదీ ఘాట్ దారి. ఒక్కో లోక్‌సభ నియోజకవర్గాన్ని ఒక్కో జిల్లా చేసి, అరకును మాత్రం రెండుగా విడదీస్తే మ్యాపు మీద చక్కగా కుదిరింది. గోదావరి, శబరి వరదల్లో మునిగే కోయ ఊళ్ళవాళ్ళకు కలెక్టరును కలవడం అంతకు ముందు కంటే కష్టమైంది. రంపచోడవరం కేంద్రంగా జిల్లా కావాలన్న కోరిక బలపడింది, 2025లో ప్రభుత్వం మంత్రుల ఉపసంఘాన్ని వేసి గీతలను మళ్ళీ చూడాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళలో మూడు జిల్లా కేంద్రాలు చూసిన ఆ మనుషుల్ని మొదటే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

ఇంకొక విడ్డూరం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కలెక్టర్లు 26 మంది అయినా, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత పదమూడుగానే ఉండిపోయాయి. ఒక జిల్లా పరిషత్తు సమావేశానికి రెండు మూడు జిల్లాల అధికారులు రావాల్సి వచ్చింది. జిల్లా అంటే మన సర్కారు మనసులో ముందు మెదిలేది కలెక్టరే, ఎన్నికైన సభ తర్వాత సంగతి అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలనూ ఈ కోణం నుంచే చూస్తాను. రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున, చదువుకున్న ఉద్యోగులతో, సర్టిఫికెట్లూ సేవలూ ఊళ్ళోనే అందాయి. అది నిజమైన మేలు. ఆ ఉద్యోగుల మీద సర్పంచికి ఉన్న అధికారం మాత్రం నామమాత్రం. పక్కపక్కనే రెండు వ్యవస్థలు, ఒకటి జనం ఎన్నుకున్నది, ఒకటి శాఖలు నడిపేది.

కేరళ దీన్ని వేరే వరసలో చేసింది. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం ముందు స్థానిక సంస్థల చేతిలో పెట్టింది. డబ్బు వచ్చిపడ్డాక, ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి ఏ చట్టం అడ్డమో, ఏ ఉద్యోగి ఎవరి కింద ఉండాలో, అందుకోసం వేసిన సేన్ కమిటీ కూర్చుని ఒక్కొక్కటే సరిచూసింది. వార్డుల విభజనను రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన ఉండే డీలిమిటేషన్ కమిషన్‌కు అప్పగించింది. ఎన్నికల తేదీ ఎప్పుడు వస్తుందా అని అక్కడ ఎవరూ మనలా ఎదురుచూడరు. అక్కడి గ్రామ పంచాయతీ జనాభాలో మన పంచాయతీ కంటే ఎన్నో రెట్లు పెద్దదన్న తేడా ఉంది, అందుకని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకోలేం. వరస మాత్రం నేర్చుకోవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లోనూ వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు ప్రభుత్వం చేతిలోంచి తీసి ఎన్నికల సంఘానికి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. గీత మార్చే ప్రతి ముసాయిదానూ గెజెట్లో వేసి ఊరుకోకుండా, ఆ ప్రాంతపు గ్రామసభల్లో చదివి వినిపించి, వాళ్ళ తీర్మానం జతపరిచాకే తుది నోటిఫికేషన్ రావాలి. రాష్ట్ర ఆర్థిక సంఘం నివేదికను, దాని మీద ప్రభుత్వం ఏం చేసిందన్న వివరణతో కలిపి శాసనసభ ముందు పెట్టాలని రాజ్యాంగమే చెబుతోంది. అది గడువులోగా జరగాలి, సభలో దాని మీద ఒక రోజు పూర్తిగా చర్చ జరగాలి.

అంతవరకూ మనం చేయగలిగిన పని ఒకటుంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అంటే, తలుచుకుంటే జరపడం కష్టం కాదు. మీ ఊళ్ళో ఈసారి గ్రామసభ జరిగినప్పుడు వెళ్ళి మూడు అంకెలు అడగండి. ఈ ఏడాది ఆర్థిక సంఘం గ్రాంటు ఎంత వచ్చింది? భూముల రిజిస్ట్రేషన్ల మీద వచ్చే స్టాంపు డ్యూటీలో మన పంచాయతీకి ఎంత రావాలి, అందులో ఎంత చేతికొచ్చింది? కరెంటు బకాయి కింద ఎంత పోయింది? ఈ మూడూ కార్యదర్శి దగ్గర ఉంటాయి. చెప్పిన జవాబును మినిట్సు పుస్తకంలో రాయించి, మీ పేరుతో పాటు నలుగురి సంతకాలు పెట్టించండి.